కాయితం మీద ఓనర్లు

ఇప్పటి పిల్లలకు సంతకం అంటే ఏందో తెల్వదు. కోపం తెచ్చుకోకున్రి, ఉన్న మాటే అంటున్న. ఫోనుకు ఒక నంబరు వస్తది, దాన్ని కొడతరు, రిటర్ను పోయింది అంటరు. కుర్చీల నుంచి లేసే పనే లేదు. మా కాలంల సంతకం అంటే పోయి తెచ్చుకునేది. బస్సెక్కి, ఆటో ఎక్కి, ఎండల నడిచి, గేటు కాడ కుక్కను బతిమిలాడి, లోపలికి పోయి కూసొని, చాయ్ తాగి, ఇంటోళ్ళ కాళ్ళ నొప్పులు నడుం నొప్పులు అన్ని విని, అప్పుడు తెచ్చుకునేది.

నా నౌకరీ అదే. మిర్యాలగూడల ఒక ట్యాక్స్ కన్సల్టెంటు సార్ కాడ పనిచేసిన. మాది త్రిపురారం, బడిపంతులు బిడ్డను, బీకాం సదివిన. లెక్కలు రాసుడు, రిటర్నులు తయారు చేసుడు అన్ని చేసేదాన్నే గని, సార్ నన్ను ముఖ్యంగ పెట్టుకున్నది ఆడోళ్ళ సంతకాల కోసం. మా దిక్కు వ్యాపారం చేసే ఇండ్లల్ల సగం ఆస్తులు ఆడోళ్ళ పేరు మీదనే ఉంటయి. మొగ గుమస్తా పోతే వాళ్ళు బయటికి రారు. కాయితం లోపలికి పోతది, సంతకంతోని బయటికొస్తది. లోపల ఎవరు పెట్టిన్రో ఆ దేవునికే ఎరుక. సార్‌కు గా పద్ధతి నచ్చదు. "సంతకం మన కండ్ల ముందర పడాలె అమ్మా" అనేటోడు. అందుకని నేను పోయేదాన్ని. రాను రాను బజార్ల నా అసలు పేరు మర్చిపోయి అందరు సంతకాలక్క అనుడు మొదలుపెట్టిన్రు.

సార్ సంగతి జర చెప్పాలె. తెల్ల చొక్క, జేబుల రెండు పెన్నులు, మనిషి మస్తు కచ్చితం. షుగరు ఉండె, ఇంట్ల తీపి ముట్టనియ్యరు. క్లయింట్ల ఇంట్ల లడ్డు పెడితే "నాకొద్దమ్మా" అనుకుంట నా దిక్కు సూసేటోడు. నేను దాన్ని రుమాలుల చుట్టి బ్యాగుల ఏసుకోవాలె, ఆఫీసుకొచ్చినంక ఆయన తలుపేసుకొని తింటడు. నేను తిడత. ఆయన నవ్వుతడు. గంత కచ్చితమైన మనిషికి గది ఒక్కటే దొంగతనం.

ఇంకో పట్టుదల ఉండె ఆయనకు. ఏదన్న కంపెనీ మొదలుపెట్టినా, మూసేసినా, పత్రం మొత్తం పైకి సదివి వినిపించినంకనే సంతకం తీసుకోవాలె. వినకుండ పెట్టింది సంతకం కాదు, గీత అనేటోడు. వినేటోళ్ళు ఆవులించినా సరే, నిద్రపోయినా సరే, మేము సదవాలె.

నేను చెప్పబోయేది ఒక బాయిల్డ్ రైసు మిల్లు ముచ్చట. ఇద్దరు అన్నదమ్ములు. వాళ్ళ తాత పెద్దవూర దిక్కు గొర్లు కాసినోడు. తండ్రి మందను అమ్మి మిర్యాలగూడల ఒక చిన్న మిల్లు కొన్నడు. రెండు వేల రెండో మూడో సంవత్సరం, కొడుకులిద్దరు పక్కనే పెద్ద మిల్లు కడదామని సార్ కాడికి వచ్చిన్రు. సార్ అన్ని విని, కొత్త మిల్లు మీ ఇద్దరి భార్యల పేరు మీద పెట్టున్రి అన్నడు. ఆడోళ్ళకు ఆ రోజుల్ల పన్నుల జర వెసులుబాటు ఎక్కువ ఉండె. పాత మిల్లుకున్న చిక్కులు కొత్తదానికి అంటకుండ కూడ ఉంటయి. కాని ఒక షరతు పెట్టిండు. "పెట్టుబడి నిజంగనే వాళ్ళది కావాలె. మీ పైసలు తెచ్చి వాళ్ళ పేరు మీద ఏస్తే డిపార్టుమెంటోళ్ళు మీ ఖాతాలనే కలుపుతరు. మళ్ళ నన్ను అడగొద్దు."

అట్ల, పెద్దామె తన తండ్రి పసుపు కుంకుమ కింద ఇచ్చిన చెలక భూమి అమ్మింది. చిన్నామెది కోదాడ, అప్పుడే కొత్త కోడలు, పుట్టింటోళ్ళు పెట్టిన బంగారం తీసి ఇచ్చింది. ఇగ మిల్లు వాళ్ళిద్దరిదే, కాయితం ప్రకారం.

పత్రం పట్టుకొని నేను ఇంటికి పోయిన. మధ్యాహ్నం. పెద్దామె పొయ్యి కాడ ఉన్నది. ఆమె సంగతి మీకు తెల్వాలె. అత్త లేని ఇంటికి కోడలై వచ్చింది. వచ్చేటప్పటికి మరిది ఇంక నిక్కరేసుకొని తిరిగేటోడు. తల దువ్వి, అన్నం పెట్టి, జ్వరం వస్తే ఎత్తుకొని దవాఖానకు ఉరికి, కొడుకు లెక్క పెంచింది. ఆమెకు తర్వాత ఇద్దరు పిల్లలు పుట్టిన్రు గని, మొదటి బిడ్డ మరిదే అనేది.

"అక్కా, మిల్లు మీ ఇద్దరి పేరు మీద పెడుతున్నరు. సదువుత, జర కూసోని వినున్రి" అన్న.

"నా పేరు మీద పెడితే నాకు రెండు పూటల వంట తప్పుతదా చెల్లె?" అని నవ్వింది.

నేను మొదటి పేజీ సదువుడు మొదలుపెట్టిన్నో లేదో, మరిది వచ్చిండు. పెండ్లయినోడు, మీసాలున్నోడు, గడప కాడ నిలబడి చిన్న పిల్లగాని లెక్క, "వదినె, ఆకలైతుంది" అన్నడు. ఇగ ఆమె ఆగుతదా! "నువ్వు సదువుతనే ఉండు చెల్లె, నేను లోపల్నుంచి వింట" అనుకుంట లేసిపోయింది. నేను గోడకు సదివిన. లోపల పోపు చిటచిటమంటుంటే, షరతులు, నిబంధనలు అన్ని గోడకు సదివి వినిపించిన. చిన్నామె ఒక్కతే తల వంచుకొని చాప మీద కూసున్నది, కొత్త కోడలు గదా, ఏం అర్థమైందో ఏమో. ఆఖరికి పెద్దామె వచ్చి, కొంగుకు చేతులు తుడుసుకొని, "ఎక్కడ పెట్టాలె? జల్ది చెప్పు, వానికి మజ్జిగ పొయ్యాలె" అన్నది. పెట్టింది. కాయితం అంచుకు పసుపు అంటింది. సార్ ఆ మరక సూసి గొణిగిండు గని, పత్రం మార్చలేదు.

ఆ తర్వాత ప్రతి యేడు పోయేదాన్ని. వ్యాట్ వచ్చిన యేడు ఊర్ల వ్యాపారులందరు పరేషాన్ అయి తిరిగిన్రు, ఆ ఇంట్ల ఆడోళ్ళకు మాత్రం అదే మాట, "ఎక్కడ పెట్టాలె?" అన్నదమ్ములకు నాకు నడుమ ఇంకో మాట నడిచేది. మిల్లు మీది కాదు గదా అని నేను ఎక్కిరిస్తే, అన్న మీసం మెలేసి, "కాయితానికి వాళ్ళు, పనికి మేము" అనేటోడు. అందరం నవ్వేటోళ్ళం. మిల్లు మంచిగ నడిచింది.

ఇగ హైదరాబాదు రోడ్డు వెడల్పు చేసుడు మొదలైంది. తమ్ముని మనసు అటు పోయింది. సూర్యాపేట కాడ రోడ్డు పక్కన హోటలు పెడతనన్నడు. బస్సులు, కార్లు ఆడ ఆగక తప్పదు, ఇడ్లీ ఏసినా దోశ ఏసినా నిలబడి తింటరు అన్నడు. తప్పేం లేదు, మంచి ఆలోచనే. అన్న ఒప్పుకోలేదు. "వడ్లు పట్టి బతికినోళ్ళం, ఇప్పుడు చట్నీ పోసుకుంట బతుకుదమా?" అని నలుగుట్ల నవ్విండు.

గంతట్ల ఒకనాడు తమ్ముడు లారీ వడ్లు దించుకున్నడు. చేతుల ఏసి నలిపి సూడకుండ, పంటి కింద కొరకకుండ తీసుకున్నడు. అన్ని తడివే. అన్న హమాలీల ముందర అరిచిండు. "నీకు వడ్లూ తెల్వయి, బుద్ధీ తెల్వది. వదినె తినబెడితే తినుడు ఒక్కటే తెలుసు" అన్నడు. తమ్ముడు మెడల తువాల తీసి బస్తాల మీద కొట్టి పోయిండు. ఆ ఆఖరి మాట అనకుంటే ఏమన్న ఆగేదేమో. హోటలు ముచ్చట కాస్త పాలు పంచుకునే ముచ్చట అయింది. మిల్లు అమ్మేద్దం, ఎవరి సగం వాళ్ళు తీసుకుందం అన్నరు. ఆ ఒక్క మాట మీద మాత్రం అన్నదమ్ములిద్దరు కలిసిన్రు! సూర్యాపేట సేటు ఒకాయన వచ్చి బేరం చేసి అడ్వాన్సు ఇచ్చి పోయిండు. ఇంట్ల రెండో పొయ్యి వెలిగింది. ఆ రెండు పొయ్యిలు సూడలేక చిన్నామె పిల్లల్ని తీసుకొని కోదాడకు పుట్టింటికి పోయింది.

సార్ అమ్మకం కాయితాలు, కంపెనీ మూసే కాయితాలు తయారు చేసిండు. మొఖం మాడ్చుకొని చేసిండు. ఆ మిల్లు మొదలుపెట్టించింది ఆయనే గదా. "పోయి సంతకాలకు ఒప్పించు అమ్మా, తేదీ ఖాయం చేసుకొని అందరిని పిలుస్త" అని నన్ను తోలిండు.

ముందుగాల పెద్దామె ఇంటికి పోయిన. చిక్కుడుకాయలు గిల్లుతున్నది. ముఖంల రక్తం లేదు. నేను ముచ్చట చెప్పిన.

"చెల్లె పెడతనన్నదా?" అని అడిగింది.

"ఇంక కోదాడకు పోవాలె అక్కా."

"అయితే ఆమె పెట్టినంక పెడత. ఆమెను అడుగు ముందు" అని మళ్ళ చిక్కుడుకాయలు ముందర పెట్టుకున్నది. లేసి వస్తుంటే, ఒక డబ్బ చేతుల పెట్టింది. "కోదాడకు పోతవు గదా, ఇందుల కారప్పూస ఉన్నది, ఆ చిన్న పోరడు ఇది లేకుంటే అన్నం తినడు."

హుజూర్‌నగర్ మీదికెల్లి కోదాడకు బస్సుల పోయిన. చిన్నామె నన్ను సూడంగనే డబ్బ గుర్తుపట్టింది. "ఇది మా అక్క డబ్బానే" అని రొమ్ముకు హత్తుకున్నది. మా దిక్కు వచ్చి ఇన్నేండ్లయినా ఆమె మాట కోదాడ మాటనే, పుట్టింటికి పోతే ఇంకా ఎక్కువైతది.

"సంతకమా మేడం? అక్క పెడతానన్నారా?"

"నువ్వు పెట్టినంక పెడతదట."

"అదేంటండీ! పెద్దావిడ ఉండగా నేను ముందెలా పెడతాను? బాగోదు. అక్క పెట్టాక నేను పెడతాను. ఆవిడ మోకాలు ఎలా ఉంది? మెట్లు ఎక్కుతున్నారా? ఈ తైలం పట్టుకెళ్ళండి, రెండు పూటలా రాసుకోమని చెప్పండి. ఆవిడ రాసుకోరు, మీరు నిలబడి రాయించండి."

తైలం సీసా పట్టుకొని మిర్యాలగూడకు వచ్చిన. పెద్దామె సీసా వాసన సూసుకొని కండ్లు తుడుసుకున్నది. సంతకం మాటెత్తితే, "ఆమె పెట్టిందా?" అంటది. మళ్ళ కోదాడ. ఈసారి మామిడికాయ పచ్చడి ఇటునుంచి అటు, పిల్లల ఫొటో అటునుంచి ఇటు. మళ్ళ మిర్యాలగూడ. ఇద్దరికి ఫోన్లున్నయి. ఒకరికొకరు చేసుకోరు. మొగోళ్ళు కొట్లాడుకున్నంక ఆడోళ్ళు ఫోన్ చేసుకుంటే ఎవరు ఏమంటరో అని ఇద్దరికి భయం. నడుమ నేను పోస్టుమాన్‌నయిన. కండక్టర్లు నాకు దండం పెట్టుడు మొదలుపెట్టిన్రు.

"నువ్వు సంతకాల కోసం పోతున్నవా, పచ్చళ్ళ వ్యాపారం చేస్తున్నవా?" అన్నడు సార్.

"మీరు పోయి సూడున్రి సార్ ఒకపాలి" అన్న మంటెక్కి.

అన్నదమ్ములు ఒకనాడు ఆఫీసు మీదికొచ్చిన్రు. ఒక్కటే బండి మీద రాలేదు, వేరు వేరు బండ్ల మీద వచ్చిన్రు, కాని మాట మాత్రం ఒక్కటే. "మా ఆడోళ్ళకు నువ్వేం ఎక్కిస్తున్నవ్?" అని అన్న నా మీద లేసిండు. సేటు తొందరపెడుతున్నడట.

నాకు కోపం ఆగదు, మీకింకా తెల్వదు. "మీ ఆడోళ్ళతోని మీరు మాట్లాడున్రి ముందు! ఇన్ని దినాల సంది ఆ ఇద్దరు ఒకరి బాగోగులు ఒకరు నన్ను అడుగుతున్నరు. మిమ్మల్ని ఎందుకు అడుగుతలేరో ఎన్నడన్న ఆలోచించిన్రా?" అన్న. తమ్ముడు కిటికీల నుంచి బయటికి సూసిండు. సార్ దగ్గిండు. నేను నోరు మూసుకున్న.

అప్పుడు సార్ ఒక ఉపాయం ఆలోచించిండు. ఇద్దరిని ఒక్కనాడే ఆఫీసుకు పిలుద్దం, ఒక్క బల్ల కాడ కూసోబెడదం, ఇగ ఎవరు ముందు ఎవరు వెనక అనేది ఉండదు. సేటును కూడ రమ్మందం.

ఆనాడు కరెంటు లేదు. ఎండ మాడిపోతున్నది. పెద్దామె ఆటోల వచ్చింది, చిన్నామె కోదాడ బస్సు దిగి వచ్చింది. ఇద్దరు మెట్ల కాడ ఎదురుపడ్డరు. నేను మీదికెల్లి సూస్తున్న. పెద్దామె ఆమెను కింది నుంచి మీది దాక సూసి, "సన్నగైనవు" అన్నది. గంతే. చిన్నామె ఆమె భుజం మీద తల పెట్టి ఏడ్చింది. మొగోళ్ళు మెట్ల మీద ఎటు పోవాలెనో తెల్వక గోడ దిక్కు తిరిగి నిలబడ్డరు.

లోపల ఒక దిక్కు అన్నదమ్ములు, నడుమ సేటు, ఇంకో దిక్కు ఆడోళ్ళు. నేను కాయితం తీసి సదువుడు మొదలుపెట్టిన. ఈసారి పొయ్యి లేదు, పోపు లేదు, ఎవరికి ఆకలి లేదు. పెద్దామె మొట్టమొదటిసారి నేను సదివేది విన్నది.

"ఆగు చెల్లె. గా మొదటి తాన మళ్ళ సదువు. భాగస్తులు ఎవరెవరని ఉన్నది గదా, గది."

సదివిన. ఒకటి ఆమె పేరు. రెండు చిన్నామె పేరు.

"ఇంక?"

"ఇంకెవరు లేరక్కా."

"మరి వీళ్ళిద్దరి పేర్లేవి?"

అన్నకు చిరాకు లేసింది. "నీకు తెల్వనట్టు అడుగుతవేంది? గదంత పన్నుల కోసం పెట్టింది. కాయితానికి మీరు, పనికి మేము. ఊకె లేట్ చేయకు, సేటు కూసున్నడు."

ఆమె మొగని దిక్కు సూడలేదు. సార్ దిక్కు తిరిగింది. "సార్, మీరు పెద్దమనిషి. నాకు సదువు తక్కువ. మీరు చెప్తే నమ్ముత. ఈ మిల్లు ఎవరిది?"

ఆ ప్రశ్న ఎంత బరువైందో నాకు తెలుసు, సార్‌కు తెలుసు. మా ఆఫీసుల సగం ఫైళ్ళు గిట్లాంటివే. మిల్లు ఆడోళ్ళదే అని సార్ నోరు తెరిస్తే, రేపు పొద్దుగాల బజార్ల మొగోళ్ళు వాళ్ళ వాళ్ళ ఫైళ్ళు అడగడానికొస్తరు. కాదు అంటే, ఇన్నేండ్లు సార్ పెట్టిన సంతకాలన్ని అబద్ధం అయితయి. అన్నదమ్ములు ఇద్దరు సార్ వాళ్ళ దిక్కే మాట్లాడతడని నింపాదిగ కూసున్నరు.

సార్ అద్దాలు తీసి చొక్క అంచుకు తుడిచి మళ్ళ పెట్టుకున్నడు.

"మీ ఇద్దరిదమ్మా" అన్నడు. "పెట్టుబడి మీది. పన్ను మీ పేరు మీద కట్టిన. ఆఫీసర్ల ముందర నిలబడి, ఇది ఈ ఇద్దరు ఆడోళ్ళది, మొగోళ్ళకు ఇందుల ఏం లేదు అని ఇన్నేండ్లు చెప్పిన. అప్పుడు వీళ్ళు నా పక్కన నిలబడి తల ఊపిన్రు. పన్ను కట్టేటప్పుడు మీది, అమ్మేటప్పుడు వాళ్ళది అంటే ఎట్లయితది? నేను గట్ల చెప్ప."

పెద్దామె కొంగు సర్దుకున్నది. ఆమె గొంతు లేవలేదు, మామూలుగ ఇంట్ల మాట్లాడినట్టే మాట్లాడింది.

"నా చెలక అమ్మేనాడు మా నాయిన అడిగిండు, ఎందుకు బిడ్డా అమ్ముతున్నవని. మా మరిది బతుకుతెరువుకు ఊరు ఇడిసి పోతనంటున్నడు నాయినా, ఈడనే ఒక మిల్లు ఉంటే నా కండ్ల ముందర ఉంటడు అని చెప్పిన. మా నాయిన సాక్షి కింద వేలుముద్ర ఏసిండు. ఇప్పుడు గా మిల్లు అమ్మి వీన్ని పంపియ్యమంటున్రు. నేను పెట్ట సంతకం. ఎవరేమన్న అనుకోన్రి, నేను పెట్ట."

తమ్ముడు తల వంచుకున్నడు. ఆమె అతని దిక్కు తిరిగింది. "నీకు హోటలు కావాల్నాయె. మంచిదే. మీ అన్నను అడిగినవ్, బ్యాంకోళ్ళను అడిగినవ్, సేటును అడిగినవ్. నన్ను ఒక్కపాలి అడిగినవా?"

"నిన్నేం అడగాలె వదినె... నీకు ఇవన్ని..." అని నసిగిండు.

"ఓనరును అడగాలె గదా!"

మొదట చిన్నామె నవ్వింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నా ఆగలేదు. తర్వాత సార్ నవ్విండు. ఆఖరికి సేటుకు కూడ నవ్వు వచ్చింది. తమ్ముడు నవ్వుతున్నడో ఏడుస్తున్నడో తెల్వకుండ తువాల ముఖానికి అడ్డం పెట్టుకున్నడు.

"నేనూ పెట్టనండి" అన్నది చిన్నామె. "అక్క పెట్టాకే పెడతానన్నాను. అక్క పెట్టరు కాబట్టి నేనూ పెట్టను."

"అయితే మేమేం చెయ్యాలె?" అన్నడు అన్న, కోపమంత దిగిపోయి, బిక్కముఖం ఏసుకొని.

"మిల్లు నడిపెటందుకు మాకు మనుషులు కావాలె. నీకు వడ్లు బాగ తెలుసు. నోరు మంచిది కాదు గని, పని వస్తది. ఉండు" అన్నది పెద్దామె. సేటును సూసి, "అన్నా, నీ అడ్వాన్సు వాపసు ఇస్తరు. ఎండల వచ్చినవు, చాయ్ తాగి పో" అన్నది. పాపం సేటు మంచోడు, చాయ్ తాగే పోయిండు.

అందరు లేసి పోతుంటే పెద్దామె నా కాడ ఆగింది. "చెల్లె, ఇన్నేండ్లు అందరి సంతకాలు మోసినవు. నీ పేరు మీద ఏమున్నది?"

నేను ఆలోచించి ఆలోచించి, "గ్యాసు బండ ఉన్నది అక్కా" అన్న. ఆమె నవ్వలేదు. నా చెయ్యి పట్టుకొని ఒకపాలి నొక్కి పోయింది. ఆ ఎండాకాలమే మా ఇంటాయనను వెంటబెట్టుకొని రిజిస్ట్రారు ఆఫీసుకు పోయిన. ఇల్లు ఇద్దరి పేరు మీద ఉన్నది ఇప్పుడు. ఆయన ఇప్పటికీ, ఆ మిల్లు ఆమె నా ఇల్లు సగం తిన్నది అని ఎక్కిరిస్తడు.

అంత ఒక్కనాడే మంచిగైందని చెప్తే అబద్ధం. అన్నదమ్ములు చాన దినాలు ఎడముఖం పెడముఖం గనే ఉన్నరు. ఒకే మిల్లుల ఉండి, "మీ ఆయనకు చెప్పు" అని భార్యల చేత చెప్పించుకునేటోళ్ళు. సార్ కాడ నుంచి కొందరు ఫైళ్ళు తీసుకపోయిన్రు, అనుకున్నట్టే. "పోనియ్యి" అన్నడు సార్. గని ఆనాడు లడ్డు తిననియ్యలేదు నేను, పైసలు పోయినయని షుగరు కూడ పెంచుకుంటడా?

కొన్ని దినాలయినంక సార్ ఆ నలుగురిని పిలిచి, పాత క్యాలెండరు వెనక తిప్పి, గీతలు గీసి చూపిచ్చిండు. మిల్లు అమ్మొద్దు. సూర్యాపేట కాడ జాగ కొనొద్దు, కిరాయికి తీసుకోవాలె. చిన్నగ మొదలుపెట్టాలె. బియ్యం మిల్లు నుంచే పోవాలె. హోటలు కూడ ఈ కంపెనీ కిందనే ఉండాలె, మునిగినా తేలినా అందరిది. పిల్లల సదువులకు మాత్రం వేరే తీసిపెట్టి, ఎంత కష్టమొచ్చినా అటు చెయ్యి పెట్టొద్దు. "ఈసారి నలుగురి పేర్లు పెడదమా?" అని అడిగిండు. పెద్దామె ఆలోచించి, "ఒక యేడు జీతానికే ఉండనియ్యున్రి సార్, పని ఎట్ల చేస్తరో సూద్దం" అన్నది. అన్న ముఖం సూడాలె అప్పుడు!

ఈ ముచ్చట ఊరంత పాకింది. నాకు పని పెరిగింది. ఇదివరకు "ఎక్కడ పెట్టాలె?" అన్నోళ్ళు, "ఏమున్నది ఇందుల?" అనుడు మొదలుపెట్టిన్రు. అంతకుముందు చాయ్ ఒక్కటి తాగి వచ్చేదాన్ని, ఇగ రెండు తాగినా ఇల్లు దాటేదాన్ని కాదు. సార్‌కు ఫోన్ చేసి తిట్టేదాన్ని, ఈ చిక్కంత మీరే తెచ్చిన్రని. "మంచిగున్నది గదమ్మా, సదివి వినిపియ్యి" అనేటోడు. ఆయన గొంతుల సంతోషం దాగేది కాదు.

రాష్ట్రం వచ్చిన యేడు నా మోకాళ్ళు ఇగ చాలన్నయి. సార్ కూడ ఆఫీసు మూస్తున్నడు. అప్పటికి చాన పని కంప్యూటర్ల మీదనే నడుస్తుండె, ఇండ్లు తిరిగే అక్కర తగ్గింది. అయినా ఒక్క కాయితానికి నేను పోయిన, ఆ మిల్లు ఇంటికే. ఇప్పుడు నలుగురి పేర్లు ఉన్న కొత్త పత్రం. సార్ కావాలని ఆఖరికి దాన్నే ఉంచిండు నా కోసం.

పెద్దామె అద్దాలు పెట్టుకున్నది. వరస మీద వేలు పెట్టి, పెదవులు కదిలిచ్చుకుంట, పదం పదం సదువుతున్నది. అర్థం కాని కాడ చిన్నామె చెప్తున్నది. పొయ్యి మీద చారు మసులుతున్నది. నాకు బస్సు టైమైతున్నది, అయినా తొందరపెట్టలే.

బయట బండి ఆగింది. మరిది సూర్యాపేట నుంచి వచ్చిండు. నెత్తి మీద వెంట్రుకలు పలచబడ్డయి, పొట్ట వచ్చింది. పొద్దంత వందల మందికి తిండి పెట్టొచ్చిన మనిషి, చెప్పులు ఇడిసి గడప కాడ నిలబడి అన్నడు, "వదినె, ఆకలైతుంది."

ఆమె తల ఎత్తలేదు. వేలు వరస మీది నుంచి తియ్యలేదు.

"ఆగు బిడ్డా, సదువుతున్న" అన్నది.

అతను గడప మీద కూసున్నడు. మేము ఆఖరి పేజీ దాక సదివినం.